సంక్రాంతికి అడవికి వెళ్తున్నారట

చిరంజీవులు పండుకు, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో అమ్రాబాద్ అడవి చూడ్డానికి వెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. బుజ్జి ఫోన్లో అడిగిన మొదటి మాట, "తాతయ్యా, పులి కనిపిస్తుందా?" నలభై ఏళ్లుగా ఆ దారిన పోతూ వస్తూ ఉన్నాను. నాకు దక్కింది ఒక్క పంజా గుర్తు. అదీ వాగు పక్కన తడి ఇసుకలో, జీపు డ్రైవరు వేలు పెట్టి చూపిస్తే. కాబట్టి పులి మీదే ఆశ పెట్టుకుని వెళ్తే తిరిగొచ్చేటప్పుడు మొహాలు వేలాడేసుకుంటారు. చూడాల్సినవి వేరే చాలా ఉన్నాయి.

ముందు టైం సంగతి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు ఆ అడవి నడిమధ్య నుంచే వెళ్తుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9కి గేటు వేస్తే మళ్లీ పొద్దున 6కే తీస్తారు. మీ నాన్న ఏ పనికీ టైముకు బయల్దేరడు కదా, అందుకే మీకు రాస్తున్నాను. చిరుత, ఎలుగుబంటి, కణుజు అనే పెద్ద జింక ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతాయి. నీళ్లకు పోవాలంటే వాటికి రోడ్డు అడ్డం. దుప్పి కళ్లల్లో హెడ్‌లైటు పడితే పారిపోదు, కొయ్యబారి నిలబడిపోతుంది. లారీ బ్రేకు వేసేలోపే అంతా అయిపోతుంది. గేటు దగ్గర వాళ్లతో వాదన పెట్టుకోవద్దని నాన్నకు చెప్పండి.

ఆ అడవి ఎంత పెద్దదనుకున్నారు? ఎవరూ కదిలించకూడని లోపలి భాగమే 2,166 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతల ఆంధ్ర వైపు ఉన్న నల్లమల, ఇదీ కలిపి 1983లో ఒకే పులుల రిజర్వు అయింది. రాష్ట్రం విడిపోయాక ఇవతలి ముక్కకు అమ్రాబాద్ పేరు వచ్చింది. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, సఫారీ ఉండదు. మీరు వెళ్లే జనవరి మంచి టైమే. పొద్దున్నే చలిగా ఉంటుంది, స్వెటర్లు మర్చిపోకండి.

సఫారీలో అటవీ శాఖ బండే ఎక్కాలి, దిగకూడదు. కేకలు వద్దు. నోరు మూసుకుంటే చెవులు పనిచేస్తాయి. కొండముచ్చులు తెలుసు కదా, నల్ల మొహం, పొడుగు తోక. అవి చెట్టు మీద కూర్చుని చిగుళ్లు తింటూ సగం కింద పారేస్తుంటాయి. ఆ పారేసినవి ఏరుకోవడానికి చుక్కల దుప్పులు కింద చేరతాయి. పైవాటికి చూపు దూరం పోతుంది, కిందివాటికి ముక్కు చురుకు. కొండముచ్చు ఉన్నట్టుండి గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు "ఖక్, ఖక్" అని దగ్గిందంటే, దుప్పులు తోకలెత్తి, కాలితో నేల కొట్టి, అన్నీ ఒకే వైపు చూస్తాయి. అప్పుడు మీరూ అటే చూడండి. చిరుతో పులో అక్కడెక్కడో ఉన్నట్టే.

ఇంకొకటి చూడమంటాను, తపసి చెట్టు. ఆ రోజుల్లో దానికి ఆకు ఉండదు. బోసి కొమ్మలు, తెల్లటి ఒళ్లు. బెరడు పల్చటి కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. సాయంత్రం వెలుతురులో రాళ్ల మధ్య ఎవరో పంచె కట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది. మొదటిసారి చూసి నేను దడుచుకున్నాను, మీ నానమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. దాని జిగురు చెంచులు తీసి గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్‌కు అమ్ముతారు. గాటు పైపైన పెట్టాలి, లోతుగా పడితే చెట్టు చచ్చిపోతుంది. ఆ జిగురును మందుల్లో వాడతారు, కట్టుడు పళ్లు ఊడకుండా వేసుకునే పొడుల్లో కూడా వాడతారు. తాతయ్య పళ్ల గురించి ఇంకెప్పుడూ నవ్వకండి.

చెంచుల గూడేలను అక్కడ పెంటలంటారు. శ్రీశైలం మల్లన్నను వాళ్లు చెంచు మల్లయ్య అని తమవాడిగానే చెప్పుకుంటారు. దారిలో పెంట కనిపిస్తే ఫోన్లు తీసి ఫొటోలు కొట్టొద్దు. మన గడప దగ్గర నిలబడి ఎవరో మనల్ని ఫొటో తీస్తే ఊరుకుంటామా?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మీ నాన్నకు ఏడేళ్లప్పుడు కారులో శ్రీశైలం వెళ్లాం. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర కోతులు కూర్చుని ఉంటే పుణ్యమని నేనే కారు ఆపాను. డజను అరటిపండ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్ పంచాం. ఒక తల్లికోతి పిల్లను పొట్టకు కరుచుకుని నా చేతిలోంచే పండు లాక్కుంది, దాని వేళ్లు చల్లగా తగిలాయి. మర్నాడు తిరిగొస్తుంటే అదే మలుపులో ఒక కోతి రోడ్డు మీద చచ్చి పడి ఉంది. నిన్నటిదో కాదో నాకు తెలీదు. మిగతావి పక్కనే కూర్చుని మా కారు వంకే చూస్తున్నాయి. "నాన్నా, అది రోడ్డు మీదకి ఎందుకొచ్చింది?" అన్నాడు మీ నాన్న. దూరంగా ఏదో చూపించి మాట మార్చాను.

ఎందుకొచ్చిందో మీకు చెప్తాను. అడవిలో మేడి, నేరేడు, తునికి పళ్లున్నాయి, కానీ వాటికోసం రోజంతా తిరగాలి. కారు ఆగితే తిరగకుండానే తిండి. తల్లి రోడ్డు పక్కన కూర్చుంటే పిల్లకూ అదే అలవాటు అవుతుంది. పైగా కోతులు అడవిలో పళ్లు తిని గింజల్ని ఎక్కడెక్కడో పడేస్తాయి, అక్కడ మొక్కలు లేస్తాయి. రోడ్డు మీద బిస్కెట్లు తినే కోతి ఆ పని మానేసినట్టే.

ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలువి పట్టుకెళ్లండి. రోడ్డు పక్కన గడ్డి నల్లగా కాలి కనిపిస్తే కంగారు పడకండి. ఎండాకాలం మంటలు దాటకుండా అటవీ శాఖ వాళ్లే ముందుగా గడ్డి కాల్చి బాట తీస్తారు. లోపల సిగ్నల్ ఉండదు, అమ్మమ్మకు ముందే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే టెన్షన్ పడుతుంది.

మీ నానమ్మ ఎలాగూ అరటిపండ్లు కట్టిస్తుంది. మన్ననూరు రాకముందే కారులో తినెయ్యండి. తొక్కలు సంచిలో వేసి ఇంటికి తెండి, గులాబీ కుండీలో వేసుకుంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య