గుణకారానికి గరిష్ఠ వేగం ఎంత? అరవై ఏళ్లుగా తేలని లెక్క

2019 మార్చిలో డేవిడ్ హార్వే, యోరిస్ వాన్ డెర్ హోవెన్ అనే ఇద్దరు గణితవేత్తలు ఒక పేపర్ బయటపెట్టారు. హార్వేది ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ, హోవెన్‌ది ఫ్రాన్స్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్. పేపర్ దేని గురించయ్యా అంటే, రెండు పూర్ణసంఖ్యలను గుణించడం గురించి. మూడో తరగతి పిల్లలు చేసే పనికి 2019లో కొత్త పద్ధతేంటని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ పేపర్ వెనక ఉన్న గొడవ మాత్రం 1960లో మాస్కోలో మొదలైంది.

బడిలో నేర్పే పద్ధతిలో పై సంఖ్యలోని ప్రతి అంకెనూ కింది సంఖ్యలోని ప్రతి అంకెతో గుణించాలి. రెండంకెల సంఖ్యలైతే 4 గుణకారాలు, పదేసి అంకెలైతే 100. అంకెలు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. వేల ఏళ్లలో ఏ దేశంలో ఏ పద్ధతి పుట్టినా ఈ లెక్క పెద్దగా మారలేదు. మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన కాలంలో హెచ్చవేసినవాళ్లూ ఇంత పనీ చేయాల్సిందే.

ఇన్ని వేల ఏళ్లలో ఇంతకంటే మెరుగైనది దొరకలేదంటే అసలు లేదనే కదా అర్థం! సోవియట్ గణితంలో మహామహుడైన ఆంద్రే కోల్మోగొరోవ్ ఇలాగే అనుకున్నారు. 1960 శరదృతువులో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో సైబర్నెటిక్స్ లెక్కల మీద సెమినార్ నడుపుతూ ఈ ఊహను శ్రోతల ముందు పెట్టారు. ఆ శ్రోతల్లో అనతోలీ కరాత్సుబా అనే 23 ఏళ్ల కుర్రాడున్నాడు. వారం తిరక్కుండానే ఆ ఊహ తప్పని తేల్చేశాడు.

అతని కిటుకు కాగితం మీద రెండు నిమిషాల పని. 23ని 41తో గుణించాలి. మామూలుగా నాలుగు గుణకారాలు కావాలి. కరాత్సుబా మూడింటితో సరిపెట్టాడు. పదుల స్థానాలు గుణిస్తే 2×4=8. ఒకట్ల స్థానాలు గుణిస్తే 3×1=3. తర్వాత ఏ సంఖ్య అంకెలు ఆ సంఖ్యకే కూడి, వచ్చిన మొత్తాలను గుణించాలి: (2+3)×(4+1)=25. ఇందులోంచి 8, 3 తీసేస్తే 14. అదే మధ్య స్థానం. ఇక 800+140+3=943. సరిచూసుకోండి.

నాలుగో గుణకారం తప్పితే ఏం ఒరిగిందని అనిపించవచ్చు. 23 బదులు 1024 అంకెల సంఖ్య తీసుకుని, దాన్ని సగాలు చేసి, ఆ సగాలను మళ్లీ సగాలు చేస్తూ పోతే ప్రతి మెట్టులోనూ నాలుగుకి మూడే పడతాయి. బడి పద్ధతిలో 10,48,576 గుణకారాలు, ఇందులో 59,049. కూడికలు, తీసివేతలు కొన్ని పెరుగుతాయి కానీ అవి చవక.

కోల్మోగొరోవ్ బాగా కలవరపడ్డారట. తర్వాతి సమావేశంలో ఆ పద్ధతిని తానే వివరించి, సెమినార్‌నే ముగించేశారు. 1962లో సోవియట్ సైన్సెస్ అకాడమీ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చింది. రచయితలుగా కరాత్సుబా, యూరి ఆఫ్‌మాన్ పేర్లున్నాయి. కరాత్సుబా తర్వాత రాసుకున్నదాన్ని బట్టి, ఆ వ్యాసం అచ్చయి ప్రతులు చేతికొచ్చేదాకా అతనికి దాని సంగతే తెలీదు! తన ఊహను కూలగొట్టిన కుర్రాడి పేరు మీదే పెద్దాయన వ్యాసం పంపడం పెద్ద మనసే. ఒక మాట చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

అడ్డుగోడ ఒకసారి కూలాక తూమ్ అనే గణితవేత్త 1963లో, కుక్ అనే మరొకరు 1966లో ఇదే దారిని మరింత సాగదీశారు. అసలు మలుపు వేరే వైపు నుంచి వచ్చింది. 1965లో అమెరికాలో కూలీ, టూకీ అనే ఇద్దరు ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ పద్ధతిని ప్రచురించారు. సిగ్నల్‌ను పౌనఃపున్యాలుగా త్వరగా విడగొట్టే పద్ధతి ఇది. మన 4జీ ఫోన్‌లోనూ, ఎంఆర్ఐ స్కాన్‌లోనూ పనిచేసేది ఇదే. జర్మన్ గణితవేత్త గౌస్ 1805 ప్రాంతంలోనే గ్రహశకలాల కక్ష్యల కోసం దీన్ని కనిపెట్టి, అచ్చు వేయకుండా వదిలేశాడని తర్వాత బయటపడింది.

దీనికీ గుణకారానికీ సంబంధం ఏంటి? సంఖ్యలోని అంకెల వరుసను కూడా సిగ్నల్‌లాగే చూడొచ్చు. అలా మార్చాక ప్రతి అంకెనూ ప్రతి అంకెతో గుణించే బాధ ఉండదు. ఎదురెదురుగా ఉన్నవాటిని గుణించి మళ్లీ వెనక్కి మార్చుకుంటే చాలు. జర్మనీకి చెందిన షోన్‌హాగె, ష్ట్రాసెన్ 1971లో దీన్ని చేసి చూపించారు. పని దాదాపుగా అంకెల సంఖ్యను దాని లాగరిథంతో గుణించినంతకు దిగింది. లాగరిథం అంటే ఇక్కడ రెండును ఎన్నిసార్లు వేసి గుణిస్తే ఆ సంఖ్య వస్తుందో అది; 1024 అంకెలకు ఆ లాగరిథం పదే. దాని పక్కన మరో చిన్న లాగరిథం అదనంగా మిగిలిపోయింది. అది కూడా పోతుందని, అంతకంటే తగ్గడం మాత్రం జరగదని వాళ్లిద్దరి ఊహ.

ఆ చిన్న తోక కోయడానికి 48 ఏళ్లు పట్టింది. 2007లో మార్టిన్ ఫ్యూరర్ దాన్ని కొంత తగ్గించారు. మరుసటి ఏడాదే అనింద్య దే, పీయూష్ కురూర్, చందన్ సాహా, రాంప్రసాద్ సప్తఋషి అదే వేగాన్ని శేషాల అంకగణితంతో సాధించారు. చివరికి హార్వే, హోవెన్ తోకను పూర్తిగా తీసేశారు. వాళ్ల రుజువులో ఫోరియర్ పద్ధతి 1729 పరిమాణాల్లో (డైమెన్షన్లలో) నడుస్తుంది. రామానుజన్ ట్యాక్సీ నంబరే!

మరి దీంతో మన కంప్యూటర్లు వేగం పెరిగాయా అంటే, లేదు. రుజువులో చెప్పిన ప్రకారం ఈ పద్ధతి మొదలవ్వాలంటేనే సంఖ్యలో విశ్వంలోని పరమాణువుల కంటే ఎక్కువ బిట్లు (0, 1 అనే అంకెలు) ఉండాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సంఖ్యలు రెండూ దాదాపు 630 అంకెలు దాటితే లోపల కరాత్సుబా పద్ధతి నడుస్తుంది, అంతకు తక్కువైతే బడి పద్ధతే. పెద్ద సంఖ్యల లెక్కల కోసం వాడే జీఎంపీ అనే ప్రోగ్రామ్ లైబ్రరీ సంఖ్య సైజును బట్టి బడి పద్ధతి నుంచి కరాత్సుబాకు, తర్వాత తూమ్‌కు, ఆపైన 1971 పద్ధతికి మారుతుంది. 2022లో గూగుల్ క్లౌడ్ మీద పై (π) విలువను 100 లక్షల కోట్ల అంకెల దాకా లెక్కించినప్పుడూ ఫోరియర్ తరహా గుణకారాలే ఆధారం.

1971 నాటి రెండో ఊహ, అంటే ఇంతకంటే తగ్గదన్నది, ఇంకా అలాగే ఉంది. కోల్మోగొరోవ్‌కు ఎదురైన అనుభవం తర్వాత ఇలాంటి మాట గట్టిగా చెప్పడానికి ఎవరైనా జంకుతారు. 2019లోనే డెన్మార్క్‌లోని ఆర్హుస్ యూనివర్సిటీ బృందం నెట్‌వర్క్ కోడింగ్‌కు, అంటే నెట్‌వర్క్‌లో సమాచారాన్ని కలిపి పంపే పద్ధతికి, సంబంధించిన ఒక ఊహ నిజమైతే గుణకారపు సర్క్యూట్లు ఇంతకంటే చిన్నవి కాలేవని చూపింది. ఆ నెట్‌వర్క్ ఊహకే ఇంకా రుజువు దొరకలేదు.