ఫోన్ పక్కన పెట్టడం ఒక్కడి పని కాదు

బెంగళూరు మారతహళ్లిలో ఏ పీజీ హాస్టల్ మెట్లు ఎక్కినా తెలుగు వినిపిస్తుంది. నంద్యాల నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన మా పిన్ని కొడుకు కూడా అలాంటి పీజీలోనే ఉంటున్నాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తాడు, పొద్దున ప్రిపరేషన్ సాగదు. "నాకు కంట్రోల్ లేదన్నా" అంటాడు. పిన్నిదీ అదే మాట: వాడి మనసు గట్టిది కాదట. నేను ఒప్పుకోను.

మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్ బృందం అమెరికాలో చేసి 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి నన్ను చాలా కదిలించింది. ముక్కూమొహం తెలియని విద్యార్థులను కాసేపు మాట్లాడుకోనిచ్చారు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, కొందరితో "అందరూ నీతో పనిచేస్తామన్నారు" అని, మరికొందరితో "ఎవరూ నిన్ను ఎంచుకోలేదు" అని చెప్పారు. రెండూ కల్పించిన మాటలే. ఆపైన రుచి చూసి చెప్పమని బిస్కెట్ల గిన్నె ముందు పెట్టారు. అందరికీ కావలసినవాళ్లు సగటున నాలుగు చిల్లర తిన్నారు. ఎవరికీ అక్కర్లేదనిపించుకున్నవాళ్లు దాదాపు 9 తిన్నారు.

అసలు విషయం ఆ తర్వాత చేసిన మరో ప్రయోగంలో ఉంది. బాగా చేస్తే డబ్బులిస్తామని చెప్పగానే, వెలివేతకు గురైనవాళ్లు కూడా మిగతావాళ్లలాగే మనసు నిలిపి పనిచేశారు. అంటే వాళ్ల శక్తి ఎక్కడికీ పోలేదు. ఎవరికీ అక్కర్లేనప్పుడు ఎందుకు నిగ్రహించుకోవాలి అన్న ప్రశ్నకే జవాబు దొరకలేదు. (నిగ్రహం పెట్రోలులా ఖర్చయిపోతుందన్న బామైస్టర్ మరో సిద్ధాంతం మాత్రం 2016లో 23 ల్యాబులు కలిసి పరీక్షిస్తే పెద్దగా నిలబడలేదు.)

ఇక నమ్మకం సంగతి. "ఈ పని నా వల్ల అవుతుంది" అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే వివరించాడు. అన్నిటికన్నా బలమైనది మనం స్వయంగా సాధించిన గెలుపు, ఎంత చిన్నదైనా సరే. తర్వాతది మనలాంటివాడు చేసి చూపించడం. మాటలతో నచ్చజెప్పడానికి ఈ రెండింటికన్నా బలం తక్కువ. పిన్ని రోజూ ఫోన్‌లో చేస్తున్నది ఆ మూడోదే. పక్కన మనిషే లేకపోతే రెండోది ఎలా దొరుకుతుంది?

ఈ మధ్య పక్క మంచం అనంతపురం అబ్బాయితో వాడికి స్నేహం కుదిరింది. పదకొండు కాగానే ఇద్దరూ ఫోన్లు తలుపు దగ్గరి చెప్పుల స్టాండ్ మీద పెట్టేస్తున్నారు. పోయిన వారం నాలుగు రాత్రులు కుదిరింది, మూడు కుదరలేదు. ఆ నాలుగింటి గురించి వాడు నాకు రెండుసార్లు చెప్పాడు.