తరావాలో లేవని పోటు

అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం పోటెత్తుతుందనీ, అష్టమి రోజుల్లో నీరు అంతగా లేవదనీ తీరంలో వల వేసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1943 నవంబరు 20న పసిఫిక్ మహాసముద్రంలోని తరావా పగడపు దీవుల్లో ఒకటైన బెటియో మీద దాడికి దిగిన అమెరికన్ మెరైన్లలో, అంటే సముద్రం మీదుగా వచ్చి ఒడ్డున దిగి పోరాడే సైనికుల్లో, వందలమంది ప్రాణాలు ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి.

జపాన్ సేనలు పటిష్ఠం చేసుకున్న ఆ చిన్న దీవి చుట్టూ నీటి అడుగున పగడపు గట్టు ఉంది. సైనికులను మోసుకొచ్చే హిగ్గిన్స్ పడవ దాన్ని దాటాలంటే సుమారు నాలుగు అడుగుల లోతు కావాలి. ఆ దీవుల్లో ఏళ్ల తరబడి నివసించిన మేజర్ ఫ్రాంక్ హోలండ్ అంత నీరు ఉండదని ముందే హెచ్చరించాడు. ఆయన మాటే నిజమైంది. అది కృష్ణపక్షపు అర్ధచంద్రుడి వేళ. సూర్యుడూ చంద్రుడూ భూమికి లంబ దిశల్లో ఉండి ఒకరి లాగుడును మరొకరు తగ్గిస్తున్నారు. పైగా చంద్రుడు తన కక్ష్యలో భూమికి అతి దూరపు బిందువు దగ్గర ఉన్నాడు. పోటును లేపే బలం దూరపు ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, చంద్రుడు కొద్దిగా దూరమైనా ఆ బలం సగటు కంటే దాదాపు 15 శాతం పడిపోతుంది. ఈ రెండూ ఆనాడు కలిసివచ్చాయని టెక్సస్ భౌతిక శాస్త్రవేత్త డొనాల్డ్ ఓల్సన్ 1987లో లెక్కగట్టి చూపాడు.

గొలుసు చక్రాల ఆమ్‌ట్రాక్ వాహనాల్లో వచ్చిన తొలి వరుసలు గట్టు మీదుగా పాకి ఒడ్డు చేరాయి. వెనుక వచ్చిన పడవల అడుగు పగడానికి గీసుకుని ఆగిపోయింది. ముందు తలుపు నీటిలోకి వాలగానే మెరైన్లు దిగి, తుపాకులను తలపైకి ఎత్తిపట్టుకుని, మరతుపాకుల కాల్పులకు ఎదురుగా అర కిలోమీటరు నడిచారు. నీటి సాంద్రత గాలికి సుమారు ఎనిమిది వందల రెట్లు. ఛాతీ లోతు నీటిలో మనిషి పరుగెత్తలేడు, నేల కరుచుకుని దాక్కోలేడు. ఆ నడక ఎంతటి ధైర్యాన్ని కోరిందో ఊహించడమే కష్టం. 76 గంటల్లో దీవి చేజిక్కింది గాని, దాదాపు వెయ్యిమంది అమెరికన్లు మరణించారు.

ఆ తర్వాత నౌకాదళం లోతు కొలిచే ఈతగాళ్ల దళాలను తయారు చేసింది. 1944 జూన్‌లో పసిఫిక్‌లోనే ఉన్న సైపాన్ దీవి మీద దాడికి ముందు వారు ముడులు వేసిన గేలపు తాడును నీటిలో పరుచుకుంటూ, ఒంటి మీద అడుగు అడుగుకూ నల్లరంగు గీతలు వేసుకుని, నీరు ఏ గీత దాకా వస్తున్నదో పలకల మీద రాసుకుంటూ పగటి వెలుగులోనే ఒడ్డు వైపు ఈదారు.