కాళ్ళ మీద అలుగు పారింది

పోయిన అక్టోబరులో ఒక రోజు, రాత్రంతా సన్నగా జల్లు పడి ఆగాక, పొద్దున్నే కారు తీసి వీధి చివర ఎడమకి తిప్పానో లేదో, డాష్‌బోర్డు వెనకాల ఎవరో బిందె వంచినట్టు బుడబుడమని చప్పుడైంది, ఆ వెంటనే కుడి పాదం మీద చల్లటి నీళ్ళు. ఒకటో రెండో చుక్కలు కాదు, బూటు తడిసి సాక్సు పిండుకునేంత.

నేనుండేది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ దగ్గర. కారు 1972 నాటి ఎంజీబీ జీటీ, చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైంది, అన్ని రకాలూ కలిపి 5 లక్షల పైచిలుకు చేశారు. మనవాళ్ళకి పేరు కొత్తగా ఉండొచ్చు గానీ బానెట్ ఎత్తితే మాత్రం పాత చుట్టమే కనిపిస్తుంది. దీని 1798 సీసీ ఇంజినూ, మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి తిరిగిన 1489 సీసీ పెట్రోలు ఇంజినూ బీఎంసీ కంపెనీ బీ సిరీస్ అనే ఒకే ఇంటి పిల్లలు. నిజం చెప్పాలంటే చిన్నప్పుడు కంభంలో మా బాబాయి అంబాసిడర్‌లో విన్న చప్పుడు ఇందులో వినబడిందనే కొన్నాను, లేకపోతే ఇద్దరు పెద్దవాళ్ళకి తప్ప సరిగ్గా చోటు లేని కారు నాకెందుకు.

ముందు హీటర్ కారుతోందేమో అని భయపడ్డాను. ఇంజిన్ నుంచి వేడి నీళ్ళు హీటర్‌లోకి వస్తాయి, అవైతే వేలికి జిడ్డుగా తగులుతాయి, రంగు కూడా ఉంటుంది. ఇవి చల్లగా, అచ్చం వాన నీళ్ళలా ఉన్నాయి. అద్దం రబ్బరు చూశాను, బాగానే ఉంది. తలుపు రబ్బరూ అంతే. ఆ సాయంత్రం బాబాయికి ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వి, "ఒరేయ్, నీ కారులో చెరువుందిరా. తూము పూడిపోయింది, అలుగు పారింది, అంతే" అన్నాడు. ఆయన ఎంజీబీని కళ్ళతో కూడా చూడలేదు, కానీ ఆయనుండేది కంభం చెరువు కింద, నీళ్ళ సంగతి ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. (తూమంటే చెరువు అడుగున నీళ్ళు వదిలే దారి, అలుగంటే చెరువు నిండితే నీళ్ళు పొర్లి పారే చోటు. వరంగల్ వైపు వాళ్ళు అలుగుని మత్తడి అంటారు, ఏదైనా ఒకటే.)

నిజంగానే చెరువు ఉంది. బానెట్ వెనక అంచుకీ ముందద్దానికీ మధ్య ఒక జాలీ ఉంటుంది చూడండి, లోపలికి తాజా గాలి వెళ్ళేది అందులోంచే. దాన్ని అక్కడే ఎందుకు పెడతారంటే, కారు పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలి వచ్చి అద్దానికి కొట్టుకుని దాని పాదం దగ్గర కుప్పపడుతుంది, అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి ఫ్యాను వెయ్యకపోయినా గాలి దానంతటదే లోపలికి దూరుతుంది. బాగానే ఉంది, కానీ గాలికి తెరిచిన నోట్లోకి వాన రాకుండా ఎలా ఆపుతారు? ఆపరు. ఇంగ్లీషు ఇంజినీర్లు ఆ ప్రయత్నమే చెయ్యలేదు, నాకు ఈ కారులో అన్నిటికంటే నచ్చిన తెలివి ఇదే. జాలీ కింద ఒక ఇనుప తొట్టె పెట్టారు. గాలీ నీళ్ళూ కలిసి అందులోకి వస్తాయి, బరువైన నీళ్ళు అడుక్కి పడతాయి, గాలి పక్కనున్న నోటిలోంచి హీటర్‌లోకి పోతుంది. తొట్టె అడుగున ఒక చిన్న పైపు ముక్క, దానికి తొడిగిన రబ్బరు గొట్టం. ఆ గొట్టం డాష్‌బోర్డు వెనక నుంచి, అంటే కారు మధ్యలో మన మోకాళ్ళ పక్కనుంచే కిందకి దిగి, గేర్‌బాక్స్ మీద కప్పిన సొరంగంలోకి వెళ్ళి రోడ్డు మీదకి నీళ్ళు వదులుతుంది. తొట్టె చెరువు, గొట్టం తూము, హీటర్ నోరు అలుగు. తూము మూసుకుంటే నీళ్ళు అలుగు ఎత్తు దాకా లేస్తాయి, తర్వాత మన పాదాలే ఆయకట్టు.

ఎన్ని నీళ్ళు రావచ్చో ఒకసారి లెక్కేద్దాం. ఇక్కడి జల్లు గంటకి 4 మిల్లీమీటర్లనుకోండి. అద్దం, దాని ముందున్న రేకు కలిపి ఒక చదరపు మీటరంటే గంటకి 4 లీటర్లు. అందులో పావు వంతు జాలీలోకి పోయినా లీటరు, ఎనిమిది గంటల రాత్రికి 8 లీటర్లు. మన దగ్గర శ్రావణమాసంలో పడే కుండపోత, గంటకి 50 మిల్లీమీటర్లు వేసుకున్నా, అదే లెక్కన సెకనుకి మూడున్నర మిల్లీలీటర్లు మాత్రమే. ఇక గొట్టం ఎంత దింపగలదు? లోపలి అడ్డుకొలత 12 మిల్లీమీటర్లు, పైన 10 సెంటీమీటర్ల నీళ్ళు నిలబడితే, రాపిడి నష్టాలన్నీ ధారాళంగా తీసేసినా సెకనుకి 50 మిల్లీలీటర్లు ఎటూ పోతాయి. అంటే కుండపోతకి కూడా పదింతలు సరిపోయే తూము. అలాంటిది జల్లుకే పొంగిందంటే గొట్టం సన్నం కాలేదు, పూర్తిగా పూడింది.

మలుపులోనే ఎందుకు పడ్డాయన్నది ఇంకో చిన్న లెక్క. కొంచెం గట్టిగా తిప్పితే పక్కకి లాగే బలం భూమి లాగుడులో మూడో వంతుకి దగ్గరగా వస్తుంది, దాంతో నీటి మట్టం 17 డిగ్రీలు వాలుతుంది. రెండడుగుల వెడల్పు తొట్టెలో అయితే ఒక అంచున నీళ్ళు 9 సెంటీమీటర్లు పైకి లేస్తాయి. ఎడమకి తిప్పితే కుడివైపు లేస్తాయి, ఇక్కడా మనలాగే డ్రైవరు కుడివైపే కూర్చుంటాడు. రాత్రంతా కదలకుండా నిండిన చెరువు మొదటి మలుపులో నా మీద పడింది.

శనివారం రేడియో ఉన్న కన్సోల్ విప్పాను. చెయ్యి లోపలికి పెట్టి తడుముకుంటే గొట్టం దొరికింది, కొంచెం లాగితే పైభాగం ఎండిన బెల్లం అచ్చులా పెళుసుగా విరిగింది, మిగతాది మోచేతి మీదుగా నల్లటి నీళ్ళతో సహా ఊడి వచ్చింది. లోపల ఉన్నది కాఫీ ఫిల్టరు అడుగున మిగిలే పిప్పిలా ఉంది, ఆకులు కుళ్ళి మెత్తగా మారిన బురద, అందులో పైన్ చెట్టు సూదులు అడ్డదిడ్డంగా ఇరుక్కుని కర్రల ఆనకట్ట కట్టాయి. పెద్ద ఆకుల్ని జాలీ ఆపుతుంది, అందుకని అవి అపాయం కాదు, జాలీ మీదే కుళ్ళి ముక్కలై దిగేవే అపాయం. గొట్టం ఇరుకవుతున్నకొద్దీ దారి త్వరగా తగ్గిపోతుంది. అడ్డుకొలత సగమైతే దారి పావు వంతు అవుతుంది, రాపిడి కూడా కలిస్తే ప్రవాహం అంతకంటే పడిపోతుంది. 5 మిల్లీమీటర్ల కంటే ఇరుకైందా, అక్కడ తలతన్యత (నీటి పై పొర బిగుతు) పెత్తనం మొదలవుతుంది: నీళ్ళు దిగాలంటే గాలి పైకి రావాలి, అంత సన్నటి దారిలో గాలిబుడగ నీటిని తప్పించుకుని పైకి రాలేక అక్కడే కూర్చుంటుంది. స్ట్రా పైకొనని వేలితో మూసి ఎత్తితే డ్రింకు కిందకి కారదు కదా, ఆ సామెతే.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. అసలు గొట్టం ఆర్డరు పెడితే వారం పడుతుందని, షెడ్డులో ఉన్న పాత వాషింగ్ మెషీన్ డ్రెయిన్ పైపు ముక్క కోసి తొడిగాను. పొడుగుంటే మంచిదే కదా అని కాస్త ఎక్కువే ఉంచాను. జగ్గుతో నీళ్ళు పోస్తే మొదట ఏమీ రాలేదు, తర్వాత గుడగుడమని కొన్ని వచ్చి ఆగిపోయాయి. పొడుగు ఎక్కువైన పైపు కన్సోల్ వెనక రెండు చోట్ల కిందకి సాగి, మధ్యలో పైకి లేచి కూర్చుంది. వాష్‌బేసిన్ కింద వంపు పైపులో నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, అక్కడ దుర్వాసన ఆపడానికి అది కావాలి. ఇక్కడ అదే శని. రెండు వంపుల్లో నీళ్ళు, మధ్య గూనిలో చిక్కుకున్న గాలి, ఈ వరసని నెట్టాలంటే ఒక్కో గూని ఎత్తూ కూడుకుంటూ పోవాలి. నాలుగేసి సెంటీమీటర్ల గూనులు రెండుంటే పైన 8 సెంటీమీటర్ల నీళ్ళు నిలబడితే తప్ప కదలదు, ఈలోపు అలుగు పారదూ? పైగా ఆ పైపుకి లోపలంతా మడతలు, ఒక్కో మడతలో ఒక్కో చెంచా బురద. శీతాకాలం వస్తే నిలిచిన నీళ్ళు గడ్డకట్టి 9 శాతం ఉబ్బుతాయి, పైపు పగలడానికి అది చాలు.

అది సరే అని కొంచెం కత్తిరించి వాడాను. రెండో రోజు సిగ్నల్ దగ్గర ఆగి హీటర్ ఫ్యాను వేస్తే కారు నిండా కాలిన ఆయిల్ వాసన. ఫ్యాను తొట్టెలోంచి గాలి లాగుతుంది, తొట్టెకి కిందనుంచి తెరిచిన గొట్టం ఉంది, అది తెరుచుకునేది ఇంజిన్ వెనక సొరంగంలో. నీళ్ళకి దారి ఇచ్చి పొగకి రాచబాట వేశాను. ఎగ్జాస్ట్ ఎక్కడైనా కాస్త కారుతుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా అదే దారిన వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. అప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను, పైపు పీకేసి వారం రోజులు బస్సెక్కాను.

అసలు గొట్టం వచ్చాక చూస్తే, నేను తీసిపారేసిన ముక్కలో గమనించని సంగతి ఒకటుంది: దాని కింది చివర గుండ్రంగా ఉండదు, రెండు పెదాలు కలిపినట్టు నొక్కి ఉంటుంది, బాతు ముక్కులాగా. ఊళ్ళో ట్రాక్టరు ఉన్న ఇంటివాళ్ళకి ఇది తెలుసు, ఎయిర్ క్లీనర్ కింద వేలాడే రబ్బరు ముక్కు ఇదే తీరు, వేళ్ళతో నొక్కితే దుమ్ము రాలుతుంది. ఇక్కడ పైన 5 సెంటీమీటర్ల నీళ్ళు చేరితే వాటి బరువు పెదాల మీద దాదాపు 490 పాస్కల్స్ ఒత్తిడి పెడుతుంది, మెత్తటి రబ్బరు విచ్చుకుంటుంది, నీళ్ళు పోయాక మూసుకుంటుంది. ఫ్యాను లోపలికి లాగితే బయటి గాలి ఆ పెదాల్ని ఇంకా దగ్గరికి నొక్కుతుంది, అంటే పొగ ఎంత రావాలని చూస్తే తలుపు అంత బిగుస్తుంది. స్ప్రింగు లేదు, వైరు లేదు, చవక రబ్బరు ముక్క. కొంతమంది నీళ్ళు బాగా పోవాలని ఆ చివర కత్తిరించేస్తారట, దయచేసి చెయ్యకండి.

రబ్బరు గురించి ఒక మాట. పాత గొట్టం పెళుసు కావడానికి వయసొక్కటే కారణం కాదు. సహజ రబ్బరు అణుగొలుసుల్లో జంట బంధాలుంటాయి, గాలిలోని కాస్త ఓజోను వాటినే పట్టి కొరుకుతుంది, అదీ సాగదీసి ఉన్న చోట ముందు. అందుకే పైపు ముక్క మీద బిగుతుగా తొడిగిన పైభాగంలోనే మొదట పగిలింది. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుకి ఓజోను భయం లేదు, కానీ ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది, ఈ కారు సొరంగంలో ఆయిల్ తగలకుండా ఉండడం కల. (ఎంజీబీ కింద ఆయిల్ చుక్కలు లేవంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థం, అని ఇక్కడి జోకు.) కాబట్టి ఏది వేసినా కొన్నేళ్ళకోసారి మార్చాల్సిందే.

తొడగడానికి ఐదు నిమిషాలు, దారి కుదర్చడానికి గంట పట్టింది. గొట్టం చివరిదాకా కిందకే వాలాలి, ఎక్కడా పొట్ట రాకూడదు, సొరంగం కన్నంలో నలగకూడదు, గిర్రున తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టుకీ వేడెక్కే సైలెన్సర్ పైపుకీ దూరంగా పెదాలు గాలిలో వేలాడాలి. సబ్బునీళ్ళు రాసి పైకొన ఎక్కించాను, గ్రీజు రాయలేదు, అది రబ్బరుకి పడదు.

కార్పెట్ ఎత్తి చూడడం అప్పటిదాకా వాయిదా వేశాను, ధైర్యం చాలక. పైన ఆరినట్టున్నా కింద ఫెల్టు స్పాంజిలా నీళ్ళు పట్టుకుని ఉంది. తడి ఫెల్టు కింద ఇనుము ఎలా పోతుందో కేంబ్రిడ్జ్‌లో యు.ఆర్. ఎవాన్స్ ఒక ఉప్పునీటి చుక్కతో చూపించాడు: ఇనుప రేకు మీద చుక్క వేసి రంగు మారే రసాయనాలు కలిపితే, గాలి బాగా తగిలే అంచు గులాబీ రంగుకి, గాలి అందని నడిమి భాగం నీలానికి తిరుగుతాయి. నీలం వచ్చిన చోటే ఇనుము కరుగుతోందన్నమాట. ఆక్సిజన్ ఎక్కువున్న చోట తుప్పు ఎక్కువని మనం అనుకుంటాం, గుంట పడేది మాత్రం ఆక్సిజన్ అందని చోట. కార్పెట్ కింద చీకట్లో సరిగ్గా అదే జరుగుతుంది, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు బూట్లతో వచ్చి కలిస్తే ఇంకా జోరుగా. ఎంజీబీకి అడుగున విడిగా ఛాసీ, అంటే బరువు మోసే చట్రం, లేదు, నేలరేకూ పక్క దూలాలే బరువు మోస్తాయి, అవి పోతే కారే పోయినట్టు. ఈ కార్లు ఎంతగా తుప్పు పట్టాయంటే 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ కొత్త బాడీలే చేసి అమ్ముతోంది. నా నేలరేకు మీద రూపాయి బిళ్ళంత మచ్చలు మూడు, సూదితో గుచ్చితే దిగలేదు. బతికాను.

ఇది పాత కార్ల గొడవ అనుకోకండి. ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా కొత్త కార్లకి సన్‌రూఫ్ ఉంటోంది, దాని చుట్టూ ఉన్న రబ్బరు నీళ్ళన్నీ ఆపదు, కింద కాలవలాంటి పళ్ళెం ఉంటుంది, దాని మూలల నుంచి సన్నటి గొట్టాలు స్తంభాల లోపలి నుంచి కిందకి దిగుతాయి. వేపచెట్టు నీడలో రోజూ పార్క్ చేస్తే పూత, పుల్లలు అందులోకే చేరతాయి. సీలింగ్ మీద తడి మచ్చ కనిపిస్తే ముందు ఆ మూలల్లో కాసిని నీళ్ళు పోసి చూడండి. బలమైన గాలి కొట్టించొద్దు, లోపల గొట్టం ఊడిందంటే స్తంభం విప్పాలి. ఇనుప తీగ కూడా వద్దు, గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ దారం అయితే మెత్తగా వంపుల్లో తిరుగుతుంది.

నా కారుకి కొత్త గొట్టం వేసిన రోజు జాలీలో లీటరు నీళ్ళు పోసి ఫోన్‌లో టైము చూశాను, 19 సెకన్లకి అంతా దిగింది, కింద పడుకుని చూస్తే పెదాలు చేప నోరులా తెరుచుకుని మూసుకోవడం కనిపించింది. ఆ వీడియో బాబాయికి పంపితే "తూము బాగుంది, పూడిక తీయించడం మర్చిపోకు" అని జవాబిచ్చాడు. మొన్న ఫిబ్రవరిలో మళ్ళీ పోశాను, 31 సెకన్లు పట్టింది. కింద నుంచి పెదాలు వేళ్ళతో నొక్కితే రెండు పైన్ సూదులూ ఒక సికమోర్ చెట్టు గింజ రెక్కా నా మొహం మీద పడ్డాయి.