వేల వరుసల పట్టిక వెబ్‌పేజీలో ఎందుకు నెమ్మదిస్తుంది: అపోహలు - వాస్తవాలు

అపోహ: నెట్ నెమ్మదిగా ఉంది, లేదా కంప్యూటర్ పాతబడింది.

పలాసలోని ఒక జీడిపప్పు బట్టీ కోసం శ్రీకాకుళంలో మేము తయారుచేసిన అప్లికేషన్‌లో, 80 కిలోల బస్తాల చొప్పున కొన్న జీడి పిక్కల లెక్కలు 40,000 వరుసలు దాటాక, గుమస్తా తేదీ కాలమ్ నొక్కిన ప్రతిసారీ తెర బిగుసుకుపోయేది. యజమాని కొత్త కంప్యూటర్ కొనడానికి సిద్ధపడ్డారు. ఏ పనికి ఎంత సమయం పడుతోందో చూపే, బ్రౌజర్‌లోని పెర్ఫార్మెన్స్ ప్యానెల్ తెరిచి చూస్తే డేటా ఎప్పుడో వచ్చేసింది. వరుసకు 10 కాలమ్‌ల లెక్కన 4,00,000 గళ్లకు చోటు, కొలత లెక్కగట్టడంలోనే సమయమంతా పోతోంది. సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16 మిల్లీసెకన్లే.

అపోహ: వర్చువల్ స్క్రోలింగ్ పెడితే ఇక చిక్కే ఉండదు.

కంటికి కనిపించే ముప్పై, నలభై వరుసలను, వాటికి పైనా కిందా మరికొన్నింటిని మాత్రమే పేజీలో ఉంచి, మిగిలినవాటికి ఖాళీ ఎత్తు చూపించే ఈ పద్ధతి నిజంగానే గొప్పగా పనిచేస్తుంది. అయితే దాన్ని పెట్టిన మరునాడే గుమస్తా ఫోన్ చేసి, కంట్రోల్-ఎఫ్‌తో రైతు పేరు వెతికితే దొరకడం లేదన్నారు. పేజీలో లేని వరుసను బ్రౌజర్ వెతకలేదు. ఆ సంగతి ముందే ఆలోచించకపోవడం మా తప్పు. సర్వర్‌లో వెతికే పెట్టెను పైన అమర్చాక ఆయన పని సాగింది. ప్రింటుకు కూడా వేరే ఏర్పాటు కావాలి. ఊరి పేరు పొడవై రెండో లైనులోకి దిగితే వరుసల ఎత్తు మారి స్క్రోల్ ఎగిరిపడుతుంది కాబట్టి, ఎత్తును స్థిరంగా ఉంచడం మేలు.

అపోహ: పేజీలుగా విడగొడితే డేటాబేస్‌కు భారం తగ్గినట్టే.

మొదటి పేజీల వరకు ఇది నిజమే. ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని వరుసలు వదిలేసి ఆ తరువాతివి ఇవ్వమనడం) వాడినప్పుడు మాత్రం, దాటవేయమన్న వరుసలన్నింటినీ డేటాబేస్ ఒక్కొక్కటిగా దాటుకుంటూనే వెళ్లాలి కాబట్టి, చివరి పేజీల వైపు పోయేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. అందుకు బదులు చివరగా చూపిన వరుస తేదీ, క్రమసంఖ్య పంపి "దీని తరువాతి 50" అని అడిగి, ఆ రెండింటిపై కలిపి ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికి పట్టుకోవడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) ఉంచితే, ఎంత లోతుకు వెళ్లినా వేగం దాదాపు ఒకేలా ఉంటుంది. నేరుగా 700వ పేజీకి దూకే వీలు పోతుంది. లెక్కలు చూసేవారికి దాని అవసరం అరుదని నా అనుభవం.

అపోహ: ప్రతి కాలమ్‌కూ ఇండెక్స్ పెట్టాలి.

కొత్త బస్తా నమోదైన ప్రతిసారీ ఆ ఇండెక్స్‌లన్నీ మారాలి. వెతికే, క్రమంలో పేర్చే కాలమ్‌లకు ఉంటే చాలు.