ఏ పరిశోధన కష్టం?

చిరంజీవులిద్దరికీ,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో మీ పోట్లాట విన్నాను. అక్క చేరాలనుకుంటున్న యూనివర్సిటీ పుస్తకంలో ఒకే పేజీలో మూడు పరిశోధనల గురించి రాశారట. ఒకటి పదార్థంలో అన్నిటికన్నా చిన్నవైన ప్రాథమిక కణాల మీద, ఒకటి ఇంగ్లీషు ఎలా నేర్పాలన్నదాని మీద, ఇంకొకటి పొగ తగ్గేలా ఊళ్లో జనం ఎలా తిరగాలన్నదాని మీద. "మొదటిదే అసలు రీసెర్చ్, మిగతా రెండూ టైమ్‌పాస్" అన్నాడు చిన్నవాడు. "అంత తేలికైతే మన ట్రాఫిక్ ఇలా ఎందుకేడ్చింది?" అంది పెద్దది. ఈలోగా మీ అమ్మ అన్నానికి పిలిచింది, మీరు ఫోన్ పెట్టేశారు. నా జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని కదా, చిన్నవాడు నన్ను తన పార్టీలో కలుపుకుందామని చూస్తున్నాడు. నేను కలవను. ఆ మూడింట్లో ఫిజిక్స్ వాళ్లకున్న సుఖం మిగతావాళ్లకు లేదని నా అభిప్రాయం. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలి అనే శాస్త్రవేత్త తోటివాళ్లకు ఒక ఉత్తరం రాశాడు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో వాళ్ల సమావేశం. తను వెళ్లలేకపోయాడు, ఎందుకంటే జూరిక్‌లో ఒక డాన్స్ పార్టీకి వెళ్లాల్సి ఉంది! (చదువుకునే పిల్లలు ఈ ముక్క మీ అమ్మకు చూపించకండి.) ఉత్తరంలో సంగతి మాత్రం సరదా వ్యవహారం కాదు. కొన్ని పరమాణు కేంద్రకాల నుంచి ఎలక్ట్రాన్ బయటికొచ్చినప్పుడు శక్తి లెక్క కుదరడం లేదు. ప్రతిసారీ ఎంతో కొంత తక్కువ పడుతోంది. విద్యుదావేశం లేని, చాలా తేలికైన కణమేదో ఆ శక్తిని పట్టుకుపోతూ ఉండొచ్చని పౌలి ఊహించాడు. దాన్నే తర్వాత న్యూట్రినో అన్నారు. అది దేనితోనూ తొందరగా కలవదు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మీ బొటనవేలి గోరంత చోటు గుండా సెకనుకు దాదాపు 6,500 కోట్లు దూసుకుపోతున్నాయి, మీకు తెలుస్తోందా? దాన్ని పట్టుకోవడానికి 26 ఏళ్లు పట్టింది. 1956లో అమెరికాలో ఒక అణు రియాక్టర్ పక్కన రైన్స్, కోవాన్ అనే ఇద్దరు పట్టుకున్నారు.

రియాక్టర్‌లో పుట్టిన న్యూట్రినో సరే, మరి ఆకాశంలో పుట్టిన వాటి మాటేమిటి? ఇక్కడ మన పక్కనున్న కోలార్ బంగారు గనులు కథలోకి వస్తాయి. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లోనే ఉంటాయి. మన వైపు నుంచీ తమిళనాడు నుంచీ వెళ్లిన ఎన్నో కుటుంబాలు తరతరాలుగా అక్కడ పనిచేశాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిపొరను ఢీకొంటే మ్యూయాన్లనే కణాలు పుడతాయి, వాటితో పాటు న్యూట్రినోలూ పుడతాయి. మ్యూయాన్లు నేలలోకి చాలా లోతుకు దిగుతాయి. ఎంత లోతుకు ఎన్ని మిగులుతాయో చూద్దామని బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1960ల మొదట్లో పరికరాలు గనిలోకి దించారు. ఒక్కో మెట్టూ దిగేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. అన్నిటికన్నా లోతైన చోట రెండు నెలల పాటు ఒక్కటంటే ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు.

మన కాలేజీ ల్యాబ్‌లో సున్నా వస్తే వైరు ఊడిందేమోనని వెతుకుతాం. వాళ్లు అక్కడే అసలు లాభం చూశారు. పైనున్న రాయి జల్లెడలా మ్యూయాన్లన్నిటినీ ఆపేస్తోంది. కాబట్టి ఆ లోతులో ఏదైనా కణం అడ్డంగా వచ్చి పరికరానికి తగిలిందంటే, చుట్టూ ఉన్న రాతిలో ఒక న్యూట్రినో దాన్ని పుట్టించి ఉండాలి. జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీ కూడా వచ్చి కలిశాయి. దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున కొత్త పరికరాలు పెట్టారు. 1965లో అలాంటి కణాలు కనిపించాయి, ఆ ఆగస్టులోనే వివరాలు అచ్చయ్యాయి. అదే కాలంలో దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గనిలో రైన్స్ బృందం కూడా ఇదే వెతుకుతోంది. వాళ్లకూ కనిపించాయి. ప్రకటన విషయంలో రెండు బృందాలకూ తేడా కొన్ని వారాలే.

ఆ సుఖం సంగతి ఇక్కడే చెప్పాలి. రెండు ఖండాలు, రెండు గనులు, వేర్వేరు పరికరాలు, అయినా ఒకటే ఫలితం. కోలార్‌లో దిగిన న్యూట్రినోకూ దక్షిణాఫ్రికాలో దిగినదానికీ స్వభావంలో తేడా ఉండదు. దానికి సోమవారం బద్ధకం లేదు, పరీక్షల టెన్షన్ లేదు, తనను ఎవరో చూస్తున్నారని తెలిసి బుద్ధిగా ఉండడం లేదు. పరికరం కట్టడం కష్టం, డబ్బు తేవడం కష్టం, ఏళ్ల తరబడి కాచుక్కూచోవడం కష్టం, నిజమే. కానీ పట్టుకున్నాక "అది ఆ ఊరి న్యూట్రినోలండీ, మా ఊరివి అలా ఉండవు" అని ఎవరూ అనరు.

ఇక క్లాసు రూముకు రండి. ఇది బెంగళూరు కథ, కోలార్‌కు దగ్గరే. 1970ల చివర్లో మన దక్షిణాది బడుల్లో ఇంగ్లీషు ఎలా చెప్పేవారంటే, ఒక వాక్యం నమూనా తీసుకుని, దాన్నే పది రకాలుగా పిల్లల చేత అనిపించేవారు. పిల్లలు క్లాసులో చక్కగా అనేవారు, గేటు దాటాక ఒక్క ముక్క వచ్చేది కాదు. ఎన్.ఎస్. ప్రభు అనే ఆయనకు ఒక అనుమానం వచ్చింది. వ్యాకరణం చెప్పకుండా, బుర్రకు పని పెట్టే లెక్క ఏదైనా ఇచ్చి, దాన్ని ఇంగ్లీషులోనే తేల్చమంటే? పిల్లల ధ్యాస లెక్క మీద ఉంటుంది, భాష దాని వెనకాలే లోపలికి పోతుందేమో! 1979 నుంచి 1984 వరకు బెంగళూరులోనూ, తర్వాత మరికొన్ని ఊళ్లలోనూ మామూలు బడుల్లో ఇలా పాఠం చెప్పి చూశారు. రైళ్ల టైమ్‌టేబుల్ ఇచ్చి "ఫలానా టైముకు అక్కడ ఉండాలంటే ఏ బండి ఎక్కాలి?" అని అడగడం, ఊరి మ్యాపు ఇచ్చి దారి చెప్పమనడం, ఇలాంటివి. ముందు టీచరు అలాంటిదే ఒకటి క్లాసంతటితో కలిసి చేస్తారు, తర్వాత అదే రకంది ఇంకొకటి పిల్లలు ఎవరికి వారు చేసుకోవాలి. ఇప్పుడు ప్రపంచమంతా టాస్క్ పద్ధతి అని చెప్పుకుంటున్నదానికి పునాదుల్లో ఇదొకటి. పునాది పడింది మాత్రం మన బల్లల మీద, చాక్‌పీసు పొడి మధ్య.

మరి అది పనిచేసిందా? ఎలా తేలుస్తారు? ఎడిన్‌బరో యూనివర్సిటీ నుంచి బెరెటా, డేవిస్ అనే ఇద్దరు వచ్చి పరీక్షలు పెట్టారు. పాత పద్ధతి క్లాసులను, కొత్త పద్ధతి క్లాసులను పక్కపక్కన పెట్టి చూశారు. పరీక్ష ఎటు మొగ్గితే ఫలితం కూడా అటే మొగ్గింది. వాక్య నిర్మాణం అడిగిన పరీక్షలో పాత పద్ధతి పిల్లలు మెరుగు. టాస్క్ ఇచ్చిన పరీక్షలో కొత్త పద్ధతి పిల్లలు మెరుగు. ఏ పక్షానికీ చెందని పరీక్షలు కొన్ని పెట్టారు, వాటిలో కొత్త పద్ధతి వైపు కాస్త మొగ్గు కనిపించింది.

అయితే గెలిచినట్టే కదా అంటాడు చిన్నవాడు. ఆగరా. పిల్లల్ని చీటీలు తీసి రెండు క్లాసులుగా విడగొట్టలేదు, ఉన్న సెక్షన్లను ఉన్నట్టే తీసుకున్నారు. పైగా కొత్త పద్ధతి చెప్పిన టీచర్లు ఎక్కువ చదువుకున్నవాళ్లు, ఉత్సాహం ఉన్నవాళ్లు. మార్కులు పెరిగితే అది పద్ధతి గొప్పా, టీచరమ్మ గొప్పా? ఈ చిక్కు ఆ పరీక్షించినవాళ్లకే తెలుసు, దాచకుండా రాశారు కూడా. కోలార్‌లో రాయి పనికిరాని కణాలను ఆపింది. క్లాసులో టీచరు మంచితనాన్ని, ఇంట్లో ట్యూషన్‌ని, ఆ రోజు వానని వడకట్టే రాయి ఎక్కడ దొరుకుతుంది?

ప్రభు గారిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. 1990లో ఆయన రాసిన వ్యాసంలో, అందరికీ పనికొచ్చే ఒకే ఒక మంచి పద్ధతి అంటూ ఉండదని వాదించాడు. పాఠం చెప్పే మనిషికి తను చేస్తున్నదాని మీద నమ్మకం బతికి ఉండాలి, అది యాంత్రికమైతే ఏ పద్ధతీ నిలబడదు అన్నాడు. పేరు తెచ్చిపెట్టిన పద్ధతిని చంకనెత్తుకుని ఊరేగకుండా ఇలా రాయడానికి గుండె ఉండాలి.

మనవాళ్లలో గిడుగు రామమూర్తి గారు ఉండనే ఉన్నారు. వ్యావహారిక భాష కోసం పోరాడారని మీ పుస్తకంలో ఉంటుంది. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల మాటల్లోనే వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించిన సంగతి ఒక్క వాక్యంలో ముగిస్తారు. 1931లో అచ్చయిన సవర వ్యాకరణం వెనక ఉన్న శ్రమ ఏ ల్యాబ్‌కీ తీసిపోదు.

మూడోది రోడ్డు. ఇది ఇంకా తిక్కది. క్లాసులో పిల్లలు కనీసం బెల్లు కొట్టేదాకా కూర్చుంటారు. రోడ్డు మీద మీరు ఏదైనా మార్చిన మరుక్షణం జనం తమ అలవాటూ మార్చేస్తారు. రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ పలచబడాలి కదా? డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు అమెరికా నగరాల లెక్కలు తీసి 2011లో చూపించారు, పెద్ద రోడ్లు ఎంత పెరిగితే దాదాపు అదే నిష్పత్తిలో బండ్లు తిరిగే దూరం కూడా పెరుగుతోందని. చోటు దొరికింది కదా అని ఇంతకుముందు మానుకున్నవాళ్లూ బండి తీస్తారు. హైదరాబాద్‌లో కొత్త ఫ్లైఓవర్ ఎక్కిన ప్రతి ఒక్కరూ మొదటి నెల సంబరపడి, తర్వాత దాని మీదే ఇరుక్కోవడం మీరు చూస్తూనే ఉన్నారు.

మరి రోడ్ల మీద ప్రయోగం చేయగలమా? స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ వాళ్లు చేశారు. అది దీవుల మీద కట్టిన ఊరు, లోపలికి రావాలంటే వంతెనలు దాటాలి. 2006 జనవరి 3 నుంచి జులై 31 వరకు, పని రోజుల్లో పగటిపూట ఊరి నడిమధ్యకు వచ్చే, పోయే కార్ల దగ్గర గంటను బట్టి 10 నుంచి 20 క్రోనాల (అది వాళ్ల డబ్బు) దాకా రుసుము పెట్టారు. రోజుకు 60 క్రోనాలకు మించేది కాదు. కెమెరాలు నంబరు ప్లేట్లు చదువుతాయి. ఒక తెలివైన పని చేశారు: అదనపు బస్సులను అంతకు ముందే, 2005 ఆగస్టులోనే దింపారు. బస్సుల వల్ల ఎంత మారింది, రుసుము వల్ల ఎంత మారింది అని విడదీసి చూడాలి కదా మరి. బస్సులు మాత్రమే వచ్చినప్పుడు కార్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. రుసుము పెట్టాక ఊరి నడిమధ్యకు వచ్చే, పోయే బండ్లు సుమారు అయిదో వంతు తగ్గాయి. జులై ఆఖరున రుసుము తీసేస్తే చాలామటుకు వెనక్కి వచ్చేశాయి. 2007 ఆగస్టులో శాశ్వతంగా పెట్టారు, మళ్లీ తగ్గాయి. పెట్టి, తీసి, పెట్టి చూడడం! రోడ్ల పరిశోధకులకు ఇలాంటి అదృష్టం ఎప్పుడోగానీ దొరకదు.

అసలు విచిత్రం జనం మనసులో జరిగింది. మొదలుపెట్టే ముందు ఎక్కువమంది తిట్టారు. దాదాపు ఏడు నెలలు అనుభవించాక, 2006 సెప్టెంబరులో ఓటు పెడితే నగరంలో కొద్ది తేడాతో అనుకూలంగా తేలింది. చుట్టుపక్కల ఊళ్లలో ఓటు పెట్టినచోట్ల ఎక్కువగా వద్దనే అన్నారు. కొలుస్తున్న మనుషులే ప్రయోగం మధ్యలో అభిప్రాయం మార్చుకున్నారు. న్యూట్రినో ఎప్పుడైనా ఇలా చేసిందా?

చిన్నవాడికి చిన్నబోవాల్సిన పని లేదు, ఫిజిక్స్ కూడా జనానికి పూర్తిగా దూరంగా ఏమీ లేదు. తమిళనాడులోని తేని జిల్లాలో కొండ కింద న్యూట్రినో ప్రయోగశాల కట్టడానికి 2015లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, స్థానికుల అభ్యంతరాలతో అది ఆగిపోయింది. కొండను తొలిచే లెక్క వేరు, కొండ పక్కన ఉండేవాళ్లను ఒప్పించే లెక్క వేరు. ఆ రెండో లెక్క వచ్చినవాళ్లు ఆ బృందంలో ముందునుంచీ ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఇంతకీ మీకో పని. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచితం కదా. కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు, కాబట్టి ఎంతమంది ఎక్కారో లెక్క ఉంటుంది. కానీ పొగ తగ్గిందా లేదా అన్నది ఆ లెక్కలో ఉండదు. బస్సెక్కినావిడ ఇంతకుముందు ఆటోలో వెళ్లేదా, భర్త బైకు వెనక కూర్చునేదా, నడిచేదా, అసలు వెళ్లేదే కాదా? ఆటో మానేసి ఎక్కితే పొగ తగ్గినట్టు. ఇంట్లోంచి కదలని మనిషి ఇప్పుడు పుట్టింటికో ఆస్పత్రికో వెళ్తుంటే పొగ తగ్గకపోవచ్చు, కానీ ఆవిడ బతుకు మారినట్టు. ఈ రెండూ ఒకే టికెట్టు మీద ఒకేలా కనిపిస్తాయి.

మీ వీధి చివర బస్‌స్టాప్ దగ్గర నిలబడి అడిగి చూడండి. పథకానికి ముందటి లెక్క మీ దగ్గర లేదు, అది మొదటి చిక్కు. "ఇంతకుముందు ఎలా వెళ్లేవారు పిన్నిగారూ?" అంటే గుర్తున్నంతవరకే చెప్తారు, అది రెండోది. బస్‌స్టాప్‌లో నిలబడితే బస్సు ఎక్కేవాళ్లే దొరుకుతారు, ఎక్కనివాళ్లు దొరకరు, అది మూడోది, అన్నిటికన్నా పెద్దది. దానికి ఏం చేస్తారో ఇద్దరూ కలిసి ఆలోచించండి, కొట్టుకోకుండా. ఎవరినీ పేరు, ఫోన్ నంబరు అడగొద్దు. అడగబోయే ప్రశ్నలు ముందు నాకు రాసి పంపండి, ఎర్ర పెన్ను తీసి పెట్టుకున్నాను.

అమ్మకు చెప్పండి, మాగాయ ఈసారి కాస్త ఉప్పెక్కువైంది, అన్నంలో తక్కువ కలుపుకోమని.

మీ అమ్మమ్మ