చిన్న కంపెనీల సైబర్ భద్రత: అపోహలు - వాస్తవాలు

అపోహ: పదిమంది ఉన్న ఆఫీసు జోలికి ఎవరొస్తారు?

వాస్తవం: వచ్చేది మనిషి కాదు, స్కానర్, అంటే ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న దారుల్ని వెతికే ప్రోగ్రామ్. దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (నెట్‌వర్క్‌లో ఒక ద్వారం లాంటిది) ఇంటర్నెట్‌కి తెరిచి కనిపిస్తే చాలు, వరసపెట్టి పాస్‌వర్డులు కొట్టి చూస్తుంది. పైగా చిన్న కంపెనీ పెద్ద కంపెనీకి దొడ్డిదారి కూడా. 2013లో అమెరికాలోని 'టార్గెట్' అనే కంపెనీ స్టోర్లలో దాదాపు 4 కోట్ల బ్యాంకు కార్డుల వివరాలు పోయాయి. దొంగలు దూరింది ఏసీ పనుల కాంట్రాక్టరు లాగిన్‌తో! పెద్ద క్లయింట్లు ఆర్డరుకు ముందు సెక్యూరిటీ ప్రశ్నల చిట్టా పంపుతున్నారంటే ఊరికే కాదు.

అపోహ: మెయిల్ హ్యాకైంది, పాస్‌వర్డ్ మార్చేశాం, అయిపోయింది.

వాస్తవం: అవ్వలేదు. దొంగ చాలాసార్లు మెయిల్‌బాక్స్‌లో ఒక రూల్ పెట్టి వెళ్తాడు. 'ఇన్‌వాయిస్' అన్న మాట ఉన్న ప్రతి మెయిలూ అతనికి ఫార్వర్డ్ అయి, మీకు కనబడకుండా ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్లో పడుతుంది. ఆ ఫోల్డర్ ఎవరు తెరుస్తారు? పాస్‌వర్డ్ మారినా రూల్ అలాగే ఉంటుంది. కాబట్టి పాస్‌వర్డ్ మార్చగానే అన్ని డివైజుల నుంచీ సైనౌట్ చేయించండి. రూల్స్, ఫార్వర్డింగ్ తీసేయండి. రెండో దశ వెరిఫికేషన్‌లో మీది కాని ఫోను చేరిందేమో, తెలియని యాప్‌కి అనుమతి ఉందేమో చూడండి. ఈలోగా సప్లయర్ పేరుతో 'బ్యాంకు ఖాతా మారింది' అని మెయిలొస్తే, పాత బిల్లు మీదున్న నంబరుకే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరు ఎత్తేది దొంగే కావచ్చు.

అపోహ: మాకు బ్యాకప్ ఉంది.

వాస్తవం: ఎక్కడుంది? ఎప్పుడూ సర్వర్‌కి తగిలించే ఉంచిన హార్డ్‌డిస్కునీ రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లాక్ చేసేస్తుంది. మారింది మారినట్టే క్లౌడ్‌లోకి ఎక్కించే సింక్ ఫోల్డర్ని నమ్ముకుంటే, పాడైన ఫైళ్లు మంచివాటి మీదికే ఎక్కుతాయి. పాత వెర్షన్లు ఎన్నాళ్లు దొరుకుతాయన్నది మీ ప్లాన్ సెట్టింగులను బట్టి ఉంటుంది. 3-2-1 పద్ధతి పాటించండి: మొత్తం 3 కాపీలు, 2 రకాల స్టోరేజీ, 1 కాపీ ఆఫీసు బయట. కనీసం ఒకటి నెట్‌వర్క్‌కి తగలకూడదు. మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి చూడండి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా తీసిన కాపీ తీరా తెరిస్తే తెరుచుకోకపోవచ్చు.

అపోహ: యాంటీవైరస్ చాలు.

వాస్తవం: చాలదు, అప్‌డేట్లూ వేసుకోవాలి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు.

అపోహ: అంతా ఐటీ వెండర్ చూసుకుంటాడు.

వాస్తవం: మీ దగ్గర ఉద్యోగం మానేసింది ఎవరో వెండర్‌కి ఎలా తెలుస్తుంది? చివరి పనిదినం సాయంత్రమే లాగిన్ ఆపమని మీరే చెప్పాలి. అందరూ వాడే వైఫై పాస్‌వర్డ్ కూడా అదే రోజు మార్చాలి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.